నఫూసా ఎక్కిన ఓడ

హజ్ నుంచి ఎవరైనా తిరిగొస్తున్నారంటే, వాళ్లు గుమ్మం చేరేలోపు ఇంటి ముందుగోడ మీద ఆ ప్రయాణం బొమ్మలై ఉండాలి. నది ఒడ్డున ఉన్న ఇస్నా ఊళ్లో ఆ పనికి హిఫ్నీ మేస్త్రీ తర్వాతే ఎవరైనా. అతని అసలు వృత్తి గోడలకు పూత పూయడం. రంగులు కలపడం ఎవరూ నేర్పలేదు. కలిపి, పాడుచేసి, మళ్లీ కలిపి నేర్చుకున్నాడు. ఖర్జూరపు మట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసుకుంటాడు. కుంచె పెట్టేముందు గోడంతా అరచేత్తో తడుముతాడు. ఎక్కడ పెచ్చు లేస్తుందో వేళ్లే చెబుతాయి.

ఈసారి గోడ నఫూసాది. "కాబా వెయ్యి, పక్కన పెద్ద విమానం వెయ్యి. రేపు పొద్దున్నే అమ్మ వస్తుంది" అని చెప్పి ఆమె కొడుకు షాజ్లీ తన కోళ్ల దుకాణానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం వచ్చి చూస్తే కాబా ఉంది, విమానం లేదు. దాని చోట ఓడ. ఓడ అంచున రెండు చేతులతో కమ్మీ పట్టుకుని తెల్లబట్టల ముసలావిడ.

"ఇదేంటి మేస్త్రీ! వీధంతా విమానాలే. మా అమ్మ ఒక్కదానికే ఓడా?"

"ఓడలోనే కదా పంపావు."

"పంపితే? విమానం టికెట్టుకు డబ్బు చాల్లేదని ఊరంతా చాటింపు వెయ్యాలా?"

ఎదురుగా తన ఫోటో స్టూడియో మెట్ల మీద టీ తాగుతున్న వదీ పకపకా నవ్వాడు. "నీకెన్నిసార్లు చెప్పాలిరా హిఫ్నీ? జనానికి నునుపు కావాలి. మొహాల మీద మచ్చలు చెరిపే కదా నేను బతుకుతున్నా!"

"నోరు ముయ్యరా. ఇదంతా నీ ఫోటో వల్లే వచ్చింది" అన్నాడు హిఫ్నీ.

నిజమే. పాస్‌పోర్టు ఫోటో కోసం నఫూసా వచ్చినప్పుడు హిఫ్నీ ఆ స్టూడియోలోనే ఉన్నాడు. ఆమె చూపు నిలవలేదు. "కెమెరా అంటే భయమా అమ్మా?" అన్నాడు వదీ. "కెమెరాకేం భయం నాయనా, సముద్రానికి. ఇంటిముందు నది ఉన్నా మోకాలు దాటి దిగినదాన్ని కాదు" అందామె. మచ్చలు చెరిపే వదీ కూడా ఆ ముఖాన్ని ముట్టుకోకుండా అలాగే అచ్చు తీశాడు. విమానాలైతే హిఫ్నీ కళ్లు మూసుకుని వేస్తాడు. ఆ ముఖం చూశాక మాత్రం విమానానికి చెయ్యి లేవలేదు.

"గోడను చూస్తే ఏం తోస్తుంది? మనిషిని చూడాలి" అన్నాడు షాజ్లీతో.

"అవన్నీ నాకొద్దు. సున్నం కొట్టెయ్."

"మీ అమ్మ వద్దంటే నేనే కొడతా. అందాకా ముట్టుకోకు."

అనేశాడు గానీ, హజ్ చేసొచ్చిన మనిషే తను వేసిన బొమ్మను కాదంటే ఇక ఏ గుమ్మమూ తనను పిలవదని అతనికి తెలుసు.

పొద్దున్నే కారు ఆగింది. ఆడవాళ్ల సంబరపు కేకల మధ్య నఫూసా దిగి, ఇంట్లోకి వెళ్లకుండా గోడ దగ్గరికి నడిచింది. షాజ్లీ తల వంచుకున్నాడు.

"ఇది నేనేనా?"

"నువ్వే అమ్మా" అన్నాడు హిఫ్నీ.

"మరి అలలు ఇంత చిన్నవేంటయ్యా? ఇవేం అలలు, మన కాలవలో గేదె దిగినట్టు! అవి ఓడ మీదికి లేచాయి. మగాళ్లంతా వాంతులు చేసుకుంటూ పడిపోయారు. నేను మాత్రం కమ్మీ వదల్లేదు!"

జనం గొల్లుమన్నారు. హిఫ్నీ ఎన్నడూ సముద్రం చూడలేదు. నీలం డబ్బా మూత తీశాడు.

"ఎంత ఎత్తు లేచాయమ్మా?"

నఫూసా సంచి కింద పెట్టి, చెయ్యి పైకెత్తి చూపించింది. అతను కుంచె ఎత్తాడు.

"ఇంకా పైకి" అంది.

షాజ్లీ వెళ్లి నిచ్చెన తెచ్చాడు.