డాక్టర్ వీరభద్రం గారి మూడు గ్రేడ్లు

లోకంలో ఏది కనిపించినా దానికో గ్రేడు వేయకపోతే డాక్టర్ వీరభద్రం గారికి అన్నం సయించేది కాదు. ఏమీ లేకపోతే సున్నా, ఉంటే ఒకటి నుంచి మూడు దాకా వేసేవారు. హన్మకొండలో ఆయన పెట్టుకున్న చర్మ దవాఖానలో నర్సు కళావతి తెచ్చే చాయ్‌కి ఎప్పుడూ వన్ వచ్చేది, కలిపితే తప్ప చక్కెర తెలిసేది కాదు కనుక. నర్సంపేట బస్సుకు త్రీ. దిగి ఇంటికొచ్చి పడుకున్నా దాని కుదుపు పోదు.

మధ్యాహ్నం పూట కిటికీ పక్కన కూర్చుని మబ్బులను కూడా వదిలేవారు కాదు.

"కళావతమ్మా, అగో ఆ మబ్బు టూ."

"సార్, బయట పేషెంట్లున్నరు."

"జరాగు. త్రీ అయితదేమో సూద్దాం."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆకాశంలో తెల్లమబ్బు తేలుతుంటే కళావతికి ముందు నంబరే తోస్తుంది.

ఎనభై రెండులో ఒకనాడు నర్సంపేట నుంచి మొగిలమ్మ తన కోడలు సారలమ్మను తీసుకొచ్చింది. కోడలు నెల బాలింత. స్నానం పోస్తుంటే తొడల మీద చిన్న చిన్న గుంటలు కనిపించి, ఇదేదో రోగమని అత్త హడలిపోయింది. వెంటనే పథ్యం పెట్టింది. పూటకు రెండే ముద్దలు, అవీ వెల్లుల్లి కారంతో. పాలు చాలక చంటిపిల్ల ఒకటే ఏడుపు.

ఆడవాళ్లను పరీక్ష చేయాలంటే డాక్టరు గారు తెరకు ఇవతలే, కళ్లు మూసుకుని కూర్చునేవారు. చూసి చెప్పే పని కళావతిది.

"ఎరుపు? నొప్పి? వేడి?"

"ఏం లెవ్ సార్."

"నిలవడితే గుంటలు?"

"ఉన్నయ్."

"పండుకుంటే?"

"పోయినయ్ సార్."

"టూ!" అన్నారాయన, మంచి కలలోంచి లేచినట్టు. "పిసికితేనే కనవడితే వన్. పండుకున్నా పోకుంటే త్రీ."

మొగిలమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, అప్పుడే రెండో నంబరుకొచ్చిందా సారూ?"

"ఫికర్ చెయ్యకమ్మా. ఇది రోగం కాదు, తోలు కింద కొవ్వు."

"రోగం కాకుంటే నంబరెందుకిచ్చినవ్?"

డాక్టరు గారు ఆ ప్రశ్నకు కూడా గ్రేడు ఆలోచించారు. "నువ్వు గూడ తెర లోపలికి పో అమ్మా."

"నాకేం పుట్టింది?"

మళ్లీ ప్రశ్నలు మొదలయ్యాయి. "నిలవడితే?"

"ఉన్నయ్ సార్."

"పండుకుంటే?"

లోపల బల్ల కిర్రుమంది. తర్వాత కళావతి నవ్వు ఆపుకుంటూ, "పోతలెవ్ సార్."

"త్రీ! అమ్మా, నీకు పిల్లలెందరు?"

"అయిదుగురు."

"పొలం పనికి పోతవా?"

"పోక? మొన్ననే ఎకరం నాటేసిన."

"మరి నీ రోగమేది?"

మొగిలమ్మ చీర సర్దుకుంటూ తెర బయటికొచ్చి చీటీ అందుకుంది. చీటీ మీద మందు లేదు. 'కడుపు నిండా అన్నం, మూడు పూటలా' అని మాత్రం ఉంది.

వాళ్లు బయటికి వెళ్లాక కళావతి అడిగింది. "రోగం కాదని ఎర్కే గద సార్, గింత పరీక్షెందుకు?"

"ఉత్తగ ఏం లేదు పో అంటే నమ్మరమ్మా. ఇంకో దవాఖానకు పోతరు. అప్పటిదాంక ఆ పిల్ల పస్తు. నంబరిస్తే, పక్కామెదెంతని చూస్తరు. చూస్తే భయం పోతది."

వరండాలో మొగిలమ్మ సద్ది మూట విప్పి, పెద్ద ముద్ద చేసి కోడలి నోట్లో పెడుతోంది.

"ఇంగో ముద్ద, బిడ్డా. నా నంబరుకు రావాల్నంటే గింతేనా తినుడు!"