మెట్టెలు, మేజోళ్ళు

కాట్రేనికోన దగ్గర రొయ్యల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు నిలబడ్డాను. తడి సిమెంటు నేల మీద, బల్ల ముందు, పొద్దుటి నుంచి రొయ్యల తలలు తీస్తూ. కుడికాలి నరాలు ఉబ్బి మెలికలు తిరిగిపోయాయి. సాయంత్రానికి కాలు బరువెక్కిపోయేది, ఈడ్చుకుంటూ ఇంటికి చేరేదాన్ని.

అమలాపురంలో డాక్టరుగారు స్కాన్ తీయించి మూడు దారులు చెప్పారు. బిగుతు మేజోళ్ళు వేసుకోవడం ఒకటి, లేజరుతో నరం మూయించడం ఇంకోటి, కోసి తీసెయ్యడం చివరిది.

"ముందు మేజోళ్ళతో చూద్దామమ్మా. పొద్దున్న మంచం దిగకముందే వేసుకోండి. అశ్రద్ధ చేస్తే పుండు పడుతుంది. అప్పుడిక నిలబడి పని చెయ్యలేరు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అని తలూపి వచ్చాను.

మొదటి రోజే మేజోడు మెట్టెకి పట్టుకుని చిరిగింది. రెండో జత కొన్నాం, అదీ అంతే. మెట్టెలు తీస్తే సరిపోయేది. ఎలా తీస్తాను? ఊపిరితిత్తులు పాడై మా ఆయన చేపలవేట మానేసి నాలుగేళ్ళు. పది అడుగులు వేస్తే ఆయాసం. పీల్చే మందు జేబులో లేనిదే గుమ్మం దాటరు. ఆయన దగ్గు ఆగకపోతే నా చెయ్యి దానంతటదే కాలివేళ్ళ మీదికి పోయేది. మొగుడు బతికుండగా మెట్టెలు తీసిన ఆడది మా పేటలో లేదు. ఆయన ఊపిరి వాటిమీదే ఆధారపడి ఉందని నా నమ్మకం. నవ్వితే నవ్వండి.

మేజోళ్ళు పెట్టెలో పడేశాను. డాక్టరుగారు అడిగినప్పుడల్లా "వేసుకుంటున్నానండి" అన్నాను. చదువుకున్న మగమనిషి ముందు మెట్టెల గొడవ ఏం చెప్పుకోను?

వానాకాలంలో చీలమండ పైన దురద పుట్టింది. గోకితే పుండయింది. నెలైనా మానలేదు. మళ్ళీ అమలాపురం.

డాక్టరుగారికి కోపమొచ్చింది. "రోజూ వేసుకుంటే ఇలా ఎందుకవుతుందమ్మా?"

నేను నేల చూస్తున్నాను. పక్కన మా ఆయనే, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పేశారు. "వేసుకోలేదండి. మెట్టెలు అడ్డమండి. తియ్యదండి."

డాక్టరుగారు వంగి నా కాలివేళ్ళకేసి చూశారు. "వేళ్ళు బయటికుండే మేజోళ్ళు దొరుకుతాయమ్మా. ఒక్కమాట చెబితే అవే రాసేవాణ్ణి కదా" అన్నారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నా బుద్ధి గడ్డి తింది. ఇప్పుడు వారం వారం కట్లు కట్టించుకోవాలి, పుండు మానాక లేజరు. అన్నాళ్ళూ షెడ్డుకి వెళ్ళకూడదు. నా బల్ల దగ్గర అప్పుడే ఇంకొకావిణ్ణి పెట్టేశారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.

తిరుగు బస్సులో నా కోపమంతా ఆయన మీద వెళ్ళగక్కాను. "మీకు తెలుసు కదా. అవి తీసి మేజోళ్ళు వేసుకోవే అని ఒక్కరోజైనా అన్నారా? కాలు కుళ్ళిపోయేదాకా చూస్తూ కూర్చున్నారు!"

ఆయన జేబులోంచి మందు తీసి పీల్చారు.

"తియ్యమంటే నిజంగానే తీసేస్తావని భయమేసిందే. నాకు మాత్రం బతకాలనుండదా?"