ఆరు చిల్లుల ఆయుధం

ఇంట్లో ఆడదానికి ఆయుధాలకు కొదవ ఉండదు. చీపురుంది, అప్పడాల కర్రుంది, అట్లకాడ ఉంది. ఇన్ని ఉండగా నేను మా ఆయన రేకు పిల్లనగ్రోవినే ఎందుకు పట్టుకునేదాన్నంటే, అది ఎప్పుడూ చేతికి అందేచోట ఉండేది. పొద్దున్నే కాసేపు వాయించుకుని, పెరటి కిటికీలో పెట్టేసి ఆయన షాపుకు వెళ్లిపోయేవారు. మూరెడు లోపు పొడవు, ఆరు చిల్లులు, ఊదేచోట ఆకుపచ్చ ప్లాస్టిక్ మూతి. దాంతో బల్లుల్ని అదిలించాను, అటక మీద డబ్బాలు లాగాను, పాలగిన్నె మీదికొచ్చిన పిల్లికి ఒకటిచ్చాను. గట్టిగా విసిరితే గాలికి కుయ్యిమనేది కూడా. చీపురుకు ఆ సదుపాయం లేదు.

ఆయనకు మాత్రం అది ప్రాణం. ఎందుకంటే ఆయనకు నత్తి. నర్సీపట్నంలో మోటార్ల వైండింగ్ షాపు మాది. కోటవురట్ల నుంచీ మాకవరపాలెం నుంచీ రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే, తలూపి తీసుకుంటారు, బాగుచేసి తలూపి ఇచ్చేస్తారు. ఇంటికొస్తే ఆ తల కూడా ఊపనక్కర్లేదు. ఆయన మొదలుపెట్టిన మాట నేను పూర్తి చేసేస్తాను. "అ... అ..." అనగానే, "అన్నం పెట్టీమంటారా?" అంటాను. ఒక్కోసారి ఆయనకు కావలసింది అద్దమో, అగ్గిపెట్టో అయి ఉండొచ్చు. పెట్టింది తినేవారు. ముప్పై ఏళ్లుగా ఇదే సంసారం.

మా చర్చిలో ఒక పద్ధతుంది. ఎవరు మైకు ముందుకొచ్చినా, పాటకు ముందు రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనకు చేసిన మేలేమిటో నలుగురికీ వినిపించాలి. ఆ రెండు మాటల భయంతో ఆయన ఏనాడూ ముందుకు వెళ్లలేదు, వెనక గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఈసారి కోత పండక్కి పాస్టరుగారే ఇంటికొచ్చి, "మీరు సాక్ష్యం సెప్పొద్దండీ. ఆ పిల్లనగ్రోవితో ఓ పాట వాయించీయండి, సాలు" అన్నారు. ఇక నెల రోజులు పెరట్లో అదే కీర్తన. చివరికి మా కుక్కర్ కూత కూడా నాకు ఆ రాగంలోనే వినిపించేది.

కోత పండక్కి ఎవరి తొలి పంట వాళ్లు చర్చికి తీసుకెళ్తారు. రైతులైతే వరి కంకులు, చెరకు గడలు, కాళ్లు కట్టిన కోళ్లు. మాకు పొలం లేదు గనక పెరట్లో కాసిన అరటి గెల. ఆ ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్లారు. నేను గెల కడిగి అరుగు మీద పెట్టి ఇలా తిరిగానో లేదో, గోడ మీంచి కోతి దిగింది. దేవుడికిచ్చే గెల! నా చెయ్యి దానంతటదే కిటికీలోకి పోయింది. బలంకొద్దీ ఒక్కటిచ్చాను. కోతి పక్కకు జరిగింది. దెబ్బ బట్టలుతికే బండకు తగిలి, ఆకుపచ్చ మూతి నిలువునా పగిలింది. కోతి తీరిగ్గా నాలుగు పళ్లు తుంపుకుని వెళ్లిపోయింది.

"ఏ... ఏటే?" అన్నారు బాత్‌రూంలోంచి.

"ఏటీ లేదు, కోతి" అన్నాను.

నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. పగులుకు గమ్ము పూసి, పిల్లనగ్రోవిని దాని గుడ్డ సంచిలో దూర్చి, "బేగి రండి, టైమైపోతంది" అని తిరిగి ఆయన్నే కసిరాను.

చర్చిలో స్తంభాలకు చెరకు గడలు కట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కాతో ముందుకు వెళ్లి, కళ్లు మూసుకుని ఊదారు. ఉస్సుమంది. మళ్లీ ఊదారు. ఉస్సు. వేలితో మూతిని తడిమి, ఆడవాళ్లు కూర్చున్న వైపు తిరిగి సరిగ్గా నన్ను చూశారు.

పాస్టరుగారు ఆదుకుందామనుకున్నారు. "పర్లేదండీ, రెండు మాటలు సాక్ష్యం సెప్పీసి కూకోండి" అని అలవాటుకొద్దీ మైకు ఆయన చేతిలో పెట్టేశారు.

"మా... మా..." అన్నారు ఆయన.

చర్చి అంతా నా వైపు తిరిగింది. ఆయన మాట పూర్తి చేసేది నేనేనని అందరికీ తెలుసు. నాకూ నోటిదాకా వచ్చింది. కానీ ఈ మాట పూర్తి చేస్తే నా నేరం నేనే ఒప్పుకున్నట్టు. సిగ్గుతో చచ్చిపోతూ పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

ఎవరూ అందించకపోయేసరికి ఆయనే లాక్కొచ్చారు. "మా... ఆ... ఆవిడ..." చాలాసేపు పట్టింది. మధ్యలో ఒక కోడి అరిచింది. "దీ... దీంతోటి... కో... కోతిని... కొట్టిందండి."

"ఆమెన్!" అన్నారు సంఘంలో అందరూ, అలవాటుగా, ఒక్క గొంతుతో. ఆ తర్వాత విరగబడి నవ్వారు.

"తగిలిందేటండీ కోతికి?" అన్నారు పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ.

"లే... లేదండి." మైకు తిరిగి ఇవ్వలేదు మా ఆయన. "గు... గురి లేదండి మా... మా ఆవిడకి."

నన్ను అంతమందిలో నవ్వులపాలు చేసినందుకు ఒళ్లు మండింది. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి ముచ్చటా వేసింది. రెండూ ఒక్కసారే.

ఇంటికొచ్చే దారిలో ఆయన "కొ... కొ..." అన్నారు. కొత్తది కొందామంటారు కాబోలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, నోరు మూసుకుని నడిచాను.

"కో... కోతి ఎ... ఎన్ని పళ్లు అట్టుకుపోనాదే?"

"నాలుగు" అన్నాను. ఈ ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు అద్దం అడిగి అన్నం తిన్నారో అనుకుంటే, నడిరోడ్డు మీద నాకు ఏడుపొచ్చింది.