కాళ్లు పట్టుకోనివ్వని ఆంటీ

ఆంటీ పోయారని సోమవారం పొద్దున హామిల్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. ఏడుస్తుంటే "ఆవిడ నీకెలా తెలుసు?" అని మా ఆయన అడిగాడు. "గుడిలో పరిచయం" అన్నాను. ఆయనకు నేను చెప్పిన అబద్ధాల్లో అదే పెద్దది.

నాకు ముక్కుమీద కోపం. చదువుకోడానికి న్యూజిలాండ్ వచ్చిన కొత్తలో, మా ఫ్లాట్ దారికి అడ్డంగా తరచూ కారు ఆపే పక్కింటి ఫిజీ అంకుల్ మీద ఒళ్లు మండి, తాళంచెవితో ఆ కారు పొడవునా గీకేశాను. ఎదురింటి కెమెరాలో దొరికిపోయాను. కోర్టులో నేరం రుజువైతే నా వీసా గల్లంతే. మొదటి తప్పని పోలీసులు కోర్టుకి బదులు కమ్యూనిటీ ప్యానెల్‌కి పంపారు. ప్యానెల్ అంటే ఊళ్లోవాళ్లు ముగ్గురు, నష్టపోయిన మనిషి, నేను. ఆ ముగ్గురిలో ఒకరు ఆంటీ, ఫార్మసీలో పనిచేసి రిటైరైన కాకినాడ ఆవిడ.

లోపలికి వెళ్తూనే భోరుమని అంకుల్ కాళ్లమీద పడ్డాను. ఆయన కంగారుగా లేచి "ఓకే, ఓకే" అన్నారు. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను.

"లే అమ్మా," అన్నారు ఆంటీ. "కాళ్లు పట్టుకుంటే పెద్దాయన ఇంకేమంటారు? అది సారీ కాదు, ఆయన నోరు నొక్కేయడం. కూర్చో. ఏం చేశావో ఆయన మొహం చూసి చెప్పు."

అదే మాట మిగతావాళ్లకీ ఇంగ్లీషులో చెప్పారు. నేలచూపులు చూస్తూ ఏదో గొణిగాను. ఆంటీ తొందరపెట్టలేదు, మాట అందించనూ లేదు. చివరికి "మీ కారు నేనే గీకాను" అన్నాను. అప్పుడు అంకుల్ నోరు విప్పారు. డయాలసిస్ చేయించుకుని వచ్చిన భార్య నడవలేదు కాబట్టే అక్కడ ఆపేవారట. ఛీ, నా బతుకు! ప్యానెల్లో కుదిరిన ఒప్పందం ప్రకారం పది వారాలు, ఆ గీతలున్న కారులోనే ఆవిడను ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. కేసు కోర్టు మెట్లెక్కలేదు.

తర్వాత ఇండియన్ షాపులో కనిపిస్తే ఆంటీ కొత్తవాళ్లను చూసినట్టు నవ్వి వెళ్లిపోయేవారు. ఉక్రోషం పట్టలేక ఒకసారి ఆపి, ఎందుకలా తెలియనట్టు వెళ్లిపోతారని అడిగేశాను.

"నీ సంగతి నీది. చెప్తే నువ్వు చెప్పాలి, మధ్యలో నేనెవర్ని?" అంటూ బెండకాయల కొసలు విరిచి చూసుకుంటున్నారు.

నిన్న సంతాపసభలో అందరూ ఆంటీ పులిహోర గురించే మాట్లాడారు. ఆవిడ ఏళ్ల తరబడి కూర్చున్న ఆ ప్యానెల్ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే, అక్కడికెళ్లొచ్చినవాళ్లలో ఎవరి పరువు పోతుందోనని భయం. నాకు మళ్లీ ఒళ్లు మండింది. అన్నేళ్లు చేసిన పనికి దక్కేది ఇదా? లేచి వెళ్లి మైకు తీసుకున్నాను. మొదటి వరసలో మా ఆయన ఉన్నాడు. ఆయన మొహమే చూస్తూ అన్నాను: "నేనొక నేరం చేశాను. ఆంటీ నాకు అక్కడ పరిచయం."

మా ఆయన చేతిలో ఫోను పక్క కుర్చీలో పెట్టి, మోకాళ్లమీద మోచేతులు ఆన్చి, ముందుకు వంగి కూర్చున్నాడు. నేను మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.