దొరల కారుకు అవ్వ పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు, మా వైపు అందరూ బస్సుకో ఎద్దులబండికో కాచుకుని కూర్చునే రోజుల్లో, మా నాయన కారు కొన్నాడు. మామూలు కారు కాదు. ఇంగ్లండులో తయారై, దొరలు ఎక్కి తిరిగినది. కర్నూలులో ఒక జాగీర్దారుగారి కొట్టంలో మూలపడి ఉంటే బేరమాడి తెచ్చాడు. దాని పేరు సరిగ్గా పలకడం మా ఇంట్లో నాయనకొక్కడికే వచ్చేది. మేము పలికితే ముఖం చిట్లించేవాడు.

నాయన ప్లీడరు. బనగానపల్లె పక్కనున్న మా ఊరి నుంచి కోయిలకుంట్ల కోర్టుకు రోజూ పోయి రావాలి. నా బడి కూడా అక్కడే. అందుకని ఆ మెత్తటి తోలు సీట్లో నాయన పక్కన కూర్చుని మహారాణిలా పోయేదాన్ని.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. సగం దారిలో ఆవిర్లు కక్కుతూ ఆగిపోయేది. రేడియేటరులో నీళ్లు పోస్తే గానీ కదిలేది కాదు. ఒక డబ్బా నిండా నీళ్లు పెట్టుకుని పోగూడదా అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! తోలు సీట్లు తడిసిపోతాయట. దొరల కారులో కిరసనాయిలు డబ్బా చూసి కోర్టు దగ్గర నలుగురూ నవ్వుతారట. నాయనంటే నాకు ప్రాణమే గానీ, ఆయన డాబు మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

కారు ఆగే చోట రోడ్డు పక్కనే ఒక గుడిసె. అందులో ఒక అవ్వ, ఆమె కోడలు ఉండేవాళ్లు. మొదటి రోజు నాయన నీళ్లడిగితే అవ్వ కడవ నిండా తెచ్చి ఇచ్చింది. తర్వాత అడగాల్సిన పనే లేకపోయింది. కారు చప్పుడు వినగానే కడవ చంకన పెట్టుకుని ఎదురొచ్చేది.

"ఏమప్పా, నీ బండికి మళ్లా దప్పికైందా?" అని నవ్వేది. నాకు చెంబుతో నీళ్లిచ్చి, "తాగు పాపా, ఎండ శానా ఉండాది" అనేది. నాయన జేబులో చెయ్యి పెడితే, "నీళ్లకు దుడ్లా!" అని కసురుకునేది.

ఆ ఏడు వానలు పడలేదు. మా ఇంటి బావిలో ఊట ఉండేది కాబట్టి కరువు సంగతి మేము చెవులతో వినడమే గానీ కళ్లతో చూడలేదు.

ఒక పొద్దున కారు ఆగితే అవ్వ రాలేదు. గుడిసె ముందు నిండు కడవ మాత్రం మూతపెట్టి ఉంది. లోపల అవ్వ నులకమంచం మీద మూలుగుతోంది. కోడలు ఏడుస్తూ సంగతంతా చెప్పింది. ఊరి బావి ఎండిపోయి రెండు నెలలైంది. అవ్వ చీకటితో లేచి, ఎండిపోయిన వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరే నీళ్లను కొబ్బరిచిప్పతో ఎత్తి కడవ నింపేది. వాళ్లింటికి ఒక కడవ, మా కారుకు ఒక కడవ. ఆ రోజు రెండో కడవతో గట్టెక్కుతూ జారిపడింది. తుంటి విరిగింది. కడవ పగిలిపోయింది.

"ఇది మాకని పెట్టుకున్న కడవప్పా. మీరొచ్చే యాళైందని మా యత్తే ఈడ పెట్టమనింది" అంది కోడలు.

నాయన మంచం పక్కన కూలబడ్డాడు. "ల్యావని ఒక్క మాట చెప్పగూడదా అవ్వా?"

"నీళ్లడిగినోళ్లకు ల్యావని యాడన్నా చెప్తారాప్పా?" అంది అవ్వ.

ఆమెను కోయిలకుంట్ల ఆసుపత్రికి చేర్చాలి. కారు కదలాలంటే ఆ కడవ నీళ్లే దిక్కు. నాయన కడవంతా రేడియేటరులో ఒంపేశాడు. కోడలు అటు చూడలేక తల తిప్పుకుంది. అవ్వను వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె తల నా ఒళ్లో పెట్టారు. కోడలు కాళ్ల దగ్గర కూర్చుంది.

సగం దూరం పోయాక అవ్వ పెదవులు తడుపుకోబోయింది. నాలుక కూడా ఎండిపోయింది.

"గుక్కెడు నీళ్లియ్యి పాపా" అంది.

కారులో చుక్క నీళ్లు లేవు. నాయనకు ఆ మాట వినిపించింది. వెనక్కి తిరగకుండా కారును ఇంకా వేగంగా పోనిచ్చాడు. ఆసుపత్రి వాకిట్లో ఎవరో లోటాతో నీళ్లు తెచ్చేసరికి ఆమెకు మింగే ఓపిక లేదు. మూడో రోజు పోయింది.

నాయన మళ్లీ ఆ కారు ఎక్కలేదు. బతికినన్నాళ్లూ కోర్టుకు బస్సులోనే పోయాడు. మా ఇంట్లో ఎవరమూ ఆ సంగతి ఎత్తేవాళ్లం కాదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరింట్లోనైనా గ్లాసుతో నీళ్లిస్తే, "మీకున్నాయా?" అని అడగందే గొంతు దిగవు. ఇంటినిండా కుళాయిలున్నవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. రోజూ అవ్వ చేతి నీళ్లు తాగాను, ఆ ఒక్క మాట ఆమెను అడగలేదు.