నా మాటలు ఎవరి దగ్గరున్నాయి

హార్మోనియం సార్ పోయారన్న కబురు కొమరోలు బస్టాండులో ఉండగా తెలిసింది. గిద్దలూరు బస్సెక్కాను, అక్కడ దిగి మార్కాపురం బస్సెక్కాను. కూర్చోలేకపోయాను. "ఏందమ్మా, సీటుండంగ నిలబడినావే?" అని కండక్టరు రెండుసార్లు అడిగాడు. సార్ ఇల్లు చేరేసరికి ఆయన్ని మోసుకుని జనాజా వెళ్లిపోయింది. వరండాలో హార్మోనియం పెట్టె మాత్రం ఉంది.

నా గాభరాకు దుఃఖం ఒక్కటే కారణం కాదు. "బేటా, ఈసారి నాటకంలో నీక్కూడా వేషం రాసినా. ఆదివారం క్లాసుకొచ్చి నేర్చుకో" అని ఆయన ఫోన్ చేసేవారు. వచ్చే వారం వస్తాను సార్ అనేదాన్ని. మూడు వారాలు అదే మాట అన్నాను. బడిలో పిల్లల సాకులు ఇట్టే పట్టేస్తాను, నావి మాత్రం నాకు ఎంత ముద్దో!

ఆ నాటకాల క్లాసుకు మొదట వెళ్లింది పదేళ్ల వయసులో. అర్ధవీడు నుంచి మార్కాపురం వచ్చిన కొత్త. ఎవరైనా పేరడిగితే గౌను అంచు నమిలేదాన్ని. "దీనికి నోట్లో నాలిక లేదు సార్" అన్నాడు మా నాయన. "ఉంటదిలేప్పా, వాడక తుప్పు పట్టింటది" అన్నారాయన.

ఆయన పద్ధతే వేరు. నాటకంలో ఎవరి మాటలు వాళ్లకు ఇచ్చేవారు కాదు. నా మాటలు రాసిన కాగితం నా జోడీ చేతికి, ఆమె మాటలు నా చేతికి. వెళ్లి అడగాలి, ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు నేర్పుకోవాలి. "ఎవుని మాటలు వాడే బట్టీ పడితే స్టేజీ మీద ఇద్దరుంటారు గానీ నాటకం ఉండదు" అనేవారు. పాటకూ అంతే. అందరూ కలిసి పాడేటప్పుడు ఒకడి గొంతు మరీ లేస్తే హార్మోనియం ఆపేసి, "పక్కోడు వినపడుతున్నాడా?" అని అడిగేవారు.

నా జోడీ పలకల ఫ్యాక్టరీ కూలీల అమ్మాయి. రెండు ఆదివారాలు ఆమె కాగితాన్ని గుప్పిట్లో నలుపుతూ మూల కూర్చున్నాను. మూడో వారం తనే వచ్చి నా ముందు నిలబడింది. "ఏందే, నా మాటలన్నీ నీకాడ పెట్టుకోని మూతి ముడుచుకుంటే నేనేం జేయాల? ఇయ్యి!"

అప్పటిదాకా నా మౌనం నా సొంతమనుకున్నాను. ఇంకొకరి మాటలు దాచిపెట్టానని తెలియదు. కాగితం చూస్తే చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. సిగ్గుతో చచ్చిపోతూనే, గుర్తున్నవి చెప్పాను. ఆమె పకపకా నవ్వింది. ఇప్పటికీ ఫోన్లో నన్ను తిట్టే హక్కున్నది ఆమెకే.

సార్ గొప్ప నటుల్ని తయారుచేశారా అంటే లేదు. మాలో ఒకడు మందుల షాపులో ఉన్నాడు. ముసలివాళ్లు తమ నొప్పులన్నీ చెప్పుకునేదాకా విని, అప్పుడు మాత్ర ఇస్తాడు. నాకది చాలు.

నాటకం ఆగకూడదని మొన్న ఆదివారం సార్ కూతురు క్లాసు పిల్లలను పిలిపించింది. నేనూ వెళ్లాను. నా మాటలు వాళ్లలో ఎవరి దగ్గరో ఉన్నాయి. అడగాలి. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. రోజూ నలభై మందికి పాఠం చెప్పే నోరు పెగల్లేదు. చివరికి ఎలాగో అడిగాను.

గోడవార నుంచి ఓ పిల్ల లేచింది. ఎవరితోనూ మాట్లాడదని సార్ ఫోన్లో బెంగపడిన పిల్ల.

"నాకాడున్నయి మేడం. మీరే వచ్చి అడగాలని సార్ తాత చెప్పినాడు. మూడు వారాల నుంచి చూస్తాండా."

గుప్పిట విప్పింది. కాగితం చెమటకు తడిసి, ఒక్క అక్షరం మిగల్లేదు. దాన్ని వెలుతురుకు పట్టి చూశాను.

"ఏం కాదు మేడం. నాకంతా నోటికొచ్చింది" అంది.

నేను ఆ పిల్లకు ఎదురుగా కింద కూర్చున్నాను.