నాగలత మళ్లీ చదివిన ఇంటర్

నాగలతది ఆలూరు పక్క పల్లె. కర్నూలులో డాక్టర్ సుప్రజ పళ్ల క్లినిక్‌లో ఆరేళ్లుగా సహాయకురాలు. పరికరాలు శుభ్రం చేయడం, డాక్టరమ్మకు అందించడం ఆమె పని. జీతం తొమ్మిది వేలు.

ఒకరోజు డాక్టరమ్మ రావడం ఆలస్యమైంది. పుల్లయ్య అనే రిటైరైన కండక్టరు అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వే పళ్ల గార తీసెయ్యమ్మా. రోజూ చూస్తాండావు కదా!"

"నేను తీయకూడదు పెద్దాయనా. ఆ చదువు చదవలేదు."

"చదువుకోరాదా మరి? ఎవురొద్దన్యారు?"

ఆ మాట ఆమెను పట్టుకుంది. సాయంత్రం డాక్టరమ్మను అడిగింది.

"డెంటల్ హైజీనిస్టు అని రెండేళ్ల డిప్లొమా ఉంది నాగలతా. కానీ ఇంటర్‌లో సైన్సు ఉండాలి. నీది ఆర్ట్స్ కదా" అంది సుప్రజ.

అంటే ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ ఇంటర్. ఆటో నడిపే భర్త హనుమేష్‌కు ఇంటికెళ్లి చెప్పింది.

"అంతా అయినాక జీతమెంత వస్తాది?" అన్నాడు.

"పదహైదు, పదారు వేలు."

"అంతేనా? అన్నేండ్లు తిప్పలు పడి?"

"దుడ్ల కోసమే కాదు. ఇన్నేండ్లు చూసిన పని నా చేత్తో చేయాలని ఉండాది."

మర్నాడు హనుమేషే ఓపెన్ స్కూల్ దరఖాస్తు తెచ్చాడు.

ఫిజిక్స్ ఒకసారి తప్పింది. రెండోసారి గట్టెక్కి, కడపలో డిప్లొమాలో చేరింది. హాస్టల్లో తనకంటే పదేళ్లు చిన్న పిల్లలు "అక్కా" అంటూ చుట్టూ చేరేవారు. మొదట బొమ్మ పళ్ల మీద నేర్చుకున్నారు, తర్వాత మనుషుల మీద. మొదటి పేషెంటు చిగుళ్ల నుంచి రక్తం రాగానే ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. పక్కన నిలబడిన కాలేజీ మేడమ్ "ఆపొద్దు, నెమ్మదిగా కానీ" అంది. ఆపలేదు.

డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యాక పాత క్లినిక్‌కే వచ్చింది. సుప్రజ పధ్నాలుగు వేలంది. నాగలత పదహారు అడిగింది. తగ్గలేదు. చివరికి సుప్రజ సరేనంది.

మూడో నెలలో బసవరాజ్ అనే లారీ డ్రైవర్‌కు గార తీస్తుంటే చెంప లోపల తెల్లటి మచ్చ కనిపించింది.

"ఇదెప్పటి నుంచి ఉండాదన్నా?"

"నొప్పి లేదక్కా, ఇడ్సిపెట్టు."

ఆమె విడిచిపెట్టలేదు, డాక్టరమ్మను పిలిచింది. పొగాకు వల్ల వచ్చిన మచ్చ. పరీక్షకు పంపారు. ఇంకా క్యాన్సర్‌గా మారలేదని తేలింది. బసవరాజ్ పొగాకు నమలడం మానేశాడు. మచ్చ చూపించుకోవడానికి ఆరు నెలలకోసారి వచ్చి, కుర్చీలో కూర్చోగానే ఎవరూ అడక్కుండానే నోరు తెరుస్తాడు.